పీసీఓడీ ఉన్నా కడుపునిండా, భయం లేకుండా తినడం ఎలా

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఏం పెడతారో తెలుసు కదా, చిమ్మిలి. నువ్వులూ బెల్లం కలిపి రోట్లో దంచి ఉండలు చేస్తారు, పక్కనే నెయ్యి ఓడుతున్న సున్నుండలు, తినవే నడుం గట్టిపడుద్ది అంటూ అమ్మమ్మ, పిన్నులు, ఎదురింటి అత్తయ్యగారు వంతులేసుకుని తినిపిస్తారు. అదే పిల్లకి ఇంకో ఏడెనిమిదేళ్ళకి పీరియడ్స్ తప్పి, గడ్డం మీద నాలుగు వెంట్రుకలొచ్చి, స్కానింగ్ రిపోర్ట్‌లో పీసీఓడీ, అంటే అండాశయాల్లో వచ్చే హార్మోన్ల సమస్య, అని కనపడగానే అదే ఇల్లు అన్నం మానెయ్, స్వీటు ముట్టుకోకు, రాత్రిపూట అసలు తినకు అంటది.

నాకూ అంతే అయింది. 23 ఏళ్ళప్పుడు ఒక క్లినిక్‌లో రిపోర్ట్ చూసి బరువు తగ్గి రామ్మా అన్నారు, ఎలా తగ్గాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి సూపు, అలా రెండు నెలలు ఉన్నా. ఏడు కిలోలు తగ్గా. పీరియడ్ రాలేదు, జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడింది, ఒక రాత్రి అందరూ పడుకున్నాక వంటగదిలో నిలబడి చల్లారిపోయిన పులిహోర గిన్నెడు తినేసి అక్కడే కింద కూర్చుని ఏడ్చా. తర్వాత న్యూట్రిషన్ చదువుకున్నా, ఇప్పుడు నా పనే ఇది, నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో చాలామందికి ఆ పులిహోర రాత్రి లాంటిది ఒకటి ఉంటుంది. కాబట్టి ఏం మానాలో తర్వాత చూద్దాం, ముందు ఏం తినాలో, ఎలా తినాలో వరసగా చెప్తా. ఒక్కటి మాత్రం, ఏవైనా మందులు వాడుతుంటే ఇది చదివి ఆపేయొద్దు, డాక్టర్‌ని అడిగే ఏ మార్పైనా.

1. ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది తెలిస్తే సగం తప్పంతా మన మీద వేసుకోవడం ఆగిపోద్ది. మనం తిన్నది గ్లూకోజ్ అయ్యి రక్తంలోకి వస్తుంది, దాన్ని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. పీసీఓడీ ఉన్న చాలామందిలో కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు, అప్పుడు శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుద్ది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల దగ్గరకెళ్ళి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువ చేయిస్తుంది, ఆ హార్మోన్‌ని రక్తంలో కట్టిపడేసే ప్రోటీన్ ఒకటి లివర్‌లో తయారవుద్ది దాన్ని తగ్గిస్తుంది, దాంతో రక్తంలో విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరిగి మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, నెత్తి మీద జుట్టు పల్చబడటం, అండం విడుదల అవ్వకపోవడం, పీరియడ్ రాకపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి.

మెడ వెనకాల నల్లగా, మందంగా అయ్యుంటుంది చూడండి కొందరికి, అమ్మలు శనగపిండి, నిమ్మచెక్క పెట్టి తోముతుంటారు. అది మురికి కాదమ్మా. ఎక్కువ ఇన్సులిన్ వల్ల చర్మం అలా అవుద్ది, ఎంత తోమినా పోదు, తోమితే మంట తప్ప ఏం రాదు. స్నానం సరిగా చెయ్యవా అని తిట్లు తిన్న పిల్లలు ఎంతమందో, నాకు తలుచుకుంటేనే బాధేస్తది.

2. పేరు ఖాయం చేసుకోండి

స్కానింగ్‌లో నీటి బుడగల్లా కనపడ్డంత మాత్రాన పీసీఓడీ ఉన్నట్టు కాదు. మూడు చూస్తారు: పీరియడ్స్ క్రమం తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు కనపడటం లేదా రక్తపరీక్షలో ఎక్కువుండటం, స్కానింగ్. పెద్దవాళ్ళలో వీటిలో రెండుండాలి, అదీ థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) లాంటి వేరే కారణాలు లేవని చూశాకే. టీనేజ్ పిల్లలకైతే స్కానింగ్ మీద ఆధారపడొద్దని పీసీఓడీ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్ చెప్తుంది, ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనపడతాయి. 15 ఏళ్ళ పిల్లకి స్కానింగ్ ఒక్కటే చూసి పేరు పెట్టేస్తే ఆ పిల్ల తిండి మీద భయంతో పెరుగుద్ది.

ఇంకో ముఖ్యమైన సంగతి. తక్కువ తినడం వల్ల కూడా పీరియడ్ ఆగిపోద్ది. ఒంట్లోకి వచ్చే శక్తి చాలట్లేదు అని మెదడుకి అనిపిస్తే అందులోని హైపోథలామస్ అనే భాగం అండాశయాలకి పంపే సిగ్నల్స్ తగ్గించేస్తుంది, అండాశయం పని ఆగుద్ది. నేను ఏడు కిలోలు తగ్గినా పీరియడ్ రాకపోవడానికి అదే కారణమై ఉంటుందని తర్వాత నన్ను చూసిన డాక్టర్ చెప్పారు. పీసీఓడీ ఉన్నమ్మాయి ఆకలికి మాడితే రెండు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, బయటికి మాత్రం ఒకటే కనపడుద్ది, పీరియడ్ లేదు అని, అప్పుడు ఇంకా తగ్గు అంటారు. కాబట్టి డాక్టర్‌కి మీరు రోజుకి ఏం తింటున్నారో నిజం చెప్పండి, సిగ్గుపడొద్దు. షుగర్ పరీక్ష కూడా అడగండి, పీసీఓడీలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూసేది అన్నిటికన్నా సరిగ్గా చెప్తుంది. హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 కూడా.

3. పొద్దున తినండి, కూర్చుని తినండి

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చివర్లో తింటారు. పిల్లల బాక్సులు, ఆయన టిఫిన్, అత్తగారి కాఫీ, అన్నీ అయ్యాక పదకొండింటికి గట్టు దగ్గర నిలబడి మిగిలిన రెండిడ్లీలు, పిల్లాడు వదిలేసిన సగం దోశ. హాస్టల్ పిల్లలైతే లేచేసరికే లేటు, కాఫీ తాగి కాలేజీకి. అలా మధ్యాహ్నం దాకా లాగితే సాయంత్రం ఐదింటికి వచ్చే ఆకలి మామూలు ఆకలి కాదు, అప్పుడు చేతికి బజ్జీలు, బిస్కెట్లు వస్తాయి, మనకేమో మనకి కంట్రోల్ లేదు అనిపిస్తది. కంట్రోల్ సంగతి కాదది, పొద్దుట్నుంచి ఖాళీగా ఉన్న కడుపు.

ఒక్క వారం ఇది చేసి చూడండి, లేచిన గంటన్నర రెండు గంటల్లోపు కంచం పెట్టుకుని కూర్చోండి. పది నిమిషాలు చాలు. తర్వాత నాలుగైదు గంటలకి మించి గ్యాప్ రానివ్వద్దు. ఇంట్లో ఎవరైనా అందరూ తినకుండా నువ్వు ముందా అంటే, ఆకలేస్తుంది అత్తయ్యా, మీరూ రండి కలిసి తిందాం అని పిలవండి, ఆవిడ కూడా నలభై ఏళ్ళుగా చివర్లోనే తింటున్నారు.

4. తీసెయ్యకముందు కలపండి

ఇది నేను అందరికన్నా గట్టిగా చెప్పే మాట. మొదటి నెల మీ కంచంలోంచి ఏదీ తియ్యొద్దు. ప్రోటీన్ కలపండి, కూర పెంచండి.

మన హైదరాబాద్ తార్నాకలో ఉండే జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషి బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోలుంటే దాదాపు 46 గ్రాములు. ఇప్పుడు మన మామూలు రోజు చూడండి, పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నంలో పల్చటి చారు, కాస్త బంగాళదుంప వేపుడు, రాత్రి మళ్ళీ అన్నం మజ్జిగ. సగానికి కూడా రాదు. కడుపు నిండినట్టుంటది, గంటన్నరకి మళ్ళీ ఏదో నమలాలనిపిస్తది.

దీనికి డబ్బాల్లో పౌడర్లు కొనక్కర్లేదు. ఒక గుడ్డులో 6 గ్రాములు. గుప్పెడున్నర పచ్చి పెసలు, అంటే 50 గ్రాములు నానబెట్టి అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బితే రెండు పెసరట్లు, దాదాపు 12 గ్రాములు అక్కడే వచ్చేశాయి, పొద్దున్నే. మధ్యాహ్నం పప్పు గట్టిగా వండుకోండి, 30 గ్రాముల కందిపప్పు మీ వాటాకి వచ్చేలా, అది ఇంకో 6, 7 గ్రాములు. పెరుగు ఒక కప్పు. సాయంత్రం శనగలో అలసందలో ఉడకబెట్టి తాలింపేసిన గుగ్గిళ్ళు, శ్రావణమాసంలో అయితే వాయనం శనగలు ఇంటినిండా ఉంటాయి, పారెయ్యకుండా అవే. చికెన్, చేపలు తినేవాళ్ళకి లెక్క ఇంకా తేలిక. ఇడ్లీ అంటే ప్రాణమా, తినండి, పక్కన పల్లీ చట్నీ కాస్త ఎక్కువ, ఒక ఉడకబెట్టిన గుడ్డు, లేదా కూరగాయలు దండిగా వేసిన సాంబారు.

ఇలా కలుపుతూ పోతే మూడోవారానికి సాయంత్రం బిస్కెట్ ప్యాకెట్ సగంలో ఆగిపోద్ది చూడండి, మీరు ఆపకుండానే.

5. అన్నం సంగతి

అన్నం మానక్కర్లేదు. పీసీఓడీకి ఫలానా డైటే మిగతావాటికన్నా గొప్పది అని ఇప్పటిదాకా తేలలేదు, ఆ 2023 గైడ్‌లైన్ కూడా అదే చెప్తుంది. కీటో (పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినడం), పాలు మానడం, గోధుమ మానడం, ఇవన్నీ అందరికీ రాసేవి కావు, పాలు పడని వాళ్ళు వేరే సంగతి.

మన భోజనం తీరు ఒకసారి గమనించండి. పచ్చడితో ఒక ముద్ద అన్నం, మళ్ళీ పప్పుతో అన్నం, మళ్ళీ కూరతో, మళ్ళీ చారుతో, చివర పెరుగన్నం. అయిదు సార్లు అన్నం వడ్డించుకుంటాం, కూర మాత్రం ఒక్కసారే, అదీ గరిటెడు. నేను చెప్పేదల్లా ఇంతే. మీకు సరిపడా అన్నం, ఒక కప్పో కప్పున్నరో, మొదట్లోనే కంచంలో పెట్టేసుకుని దాన్నే నాలుగు వాటాలు చేసుకోండి. కూర ఒక కప్పు నిండా. ముందు కూరా, పప్పూ నాలుగు ముద్దలు ఉత్తిగా తిని ఆ తర్వాత అన్నం మొదలుపెడితే తిన్నాక షుగర్ ఎగబాకడం తగ్గుద్ది, ఇది షుగర్ మెషిన్ ఉన్నోళ్ళు ఇంట్లోనే చూసుకోవచ్చు. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు మనకి, దాన్ని మానొద్దు, అందులో అన్నం తక్కువ పెరుగు ఎక్కువ చేసుకోండి.

జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం ఇష్టంగా తినేవాళ్ళు వారంలో కొన్ని పూటలు తినండి, మంచివే. కానీ అన్నం మానేసి ఏడుస్తూ కొర్రలు తినొద్దు. ఏడుస్తూ తిన్నది ఎన్ని రోజులు తింటాం? రాగిజావ కూడా బాగా పల్చగా కాచి బెల్లం పోసి తాగితే గబగబా అరిగిపోద్ది, రాగులే కదా అని అదొక్కటే టిఫిన్ చెయ్యొద్దు, పక్కన గుప్పెడు పల్లీలో గుడ్డో పెట్టుకోండి.

6. స్వీటుకి శత్రువు అనే పేరు తీసెయ్యండి

ఇక్కడే అమ్మాయిలు నాతో ఎక్కువ వాదిస్తారు. సంక్రాంతికి అరిసె తినొచ్చా అక్కా అని మెసేజ్ పెడతారు, ఏదో నేరం చెయ్యబోతున్నట్టు. తినండి. ఒక అరిసె, భోజనం అయ్యాక, అందరితో కూర్చుని, కొరికిన ప్రతిసారీ నువ్వుల వాసన తెలిసేలా. ఖాళీ కడుపుతో నాలుగింటికి టీలోకి తినేదానికీ, పప్పూ కూరా తిన్నాక తినేదానికీ షుగర్ పెరగడంలో తేడా ఉంటుంది.

రోజూ తగ్గించుకోవాల్సింది పండగ అరిసె కాదు, కనపడకుండా పోయేది. రోజుకి నాలుగు టీల్లో రెండేసి చెంచాల పంచదార, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు. వీటిని ఒక్కసారిగా కాకుండా వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడుద్ది.

పీరియడ్‌కి ముందు వారం ఆకలి పెరగడం కూడా నిజమే, అప్పుడు శరీరం కొద్దిగా ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, మనసు చాక్లెట్ వైపు లాగుద్ది. ఆ వారం ఒక చిరుతిండి అదనంగా పెట్టుకోండి, నువ్వులుండో, అరటిపండూ పల్లీలో. దాన్ని ఆపడానికి ప్రయత్నించకపోతేనే చిన్నదానితో అయిపోద్ది.

7. రాత్రి ఎక్కువ తినేశారా, తెల్లారి ఏం చెయ్యాలి

1944, 45ల్లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళకి ఆరు నెలలపాటు తిండి తగ్గించారు, రోజుకి సుమారు 1570 కేలరీలు, అంటే ఇప్పుడు మన అమ్మాయిలకి డైట్ ప్లాన్లలో ఇచ్చే 1200 కన్నా ఎక్కువే. ఆ మగవాళ్ళు పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ప్లేట్లు నాకారు, దిగులుపడ్డారు, తర్వాత తిండి పెట్టడం మొదలెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. వాళ్ళెవరికీ పీసీఓడీ లేదు, మనసు బలహీనం అంతకన్నా లేదు. ఆకలికి మాడిన శరీరం అలాగే చేస్తుంది.

కాబట్టి రాత్రి బిర్యానీ ఎక్కువైందా, తెల్లారి ఉపవాసం చెయ్యొద్దు, గంటన్నర ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు, మిషన్ మీద బరువు చూసుకోవద్దు. మామూలుగా లేచి మామూలుగా టిఫిన్ తినండి. అది ఒక్కటే ఆ చక్రాన్ని తెంపుద్ది. కార్తీక సోమవారాలు, శనివారాలు ఉపవాసం ఉండేవాళ్ళు కూడా, ఉపవాసం విడిచాక మీదపడి తినేస్తున్నట్టు అనిపిస్తే కొన్నాళ్ళు పాలూ పండ్లూ పలహారం తీసుకుని ఉండండి, షుగర్ మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగే.

దొంగచాటుగా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం, తిండి తప్ప వేరే ఆలోచన లేకపోవడం, ఇవి వారాల తరబడి ఉంటే ఒంటరిగా మొయ్యకండి. పీసీఓడీ ఉన్నవాళ్ళలో ఇలాంటివీ, డిప్రెషన్, ఆందోళన కూడా ఎక్కువ. 14416కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వ టెలీ మానస్ లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

8. రక్తం, మాత్రలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. నీరసం అంతా హార్మోన్లదే అనుకుంటాం, సగం ఐరన్‌ది అయ్యుండొచ్చు. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, గంట ఆగండి. మెట్‌ఫార్మిన్ (పీసీఓడీలో, షుగర్‌లో ఇచ్చే మాత్ర) చాలాకాలంగా వాడేవాళ్ళు బీ12 చూపించుకోండి, తగ్గే అవకాశం ఉంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో, కాఫీకి కనీసం అరగంట ముందు, ఐరన్, కాల్షియం మాత్రలకీ దానికీ నాలుగు గంటల తేడా. హార్మోన్లు సర్దుకుంటాయంటూ సీడ్ సైక్లింగ్ అని అవిసెలు ఈ పదిహేను రోజులు, నువ్వులు ఆ పదిహేను రోజులు అని రీల్స్ వస్తున్నాయి కదా, దానికి గట్టి రుజువు లేదు, అవిసెల కారప్పొడి ఏ రోజైనా తినండి, బాగుంటది.

9. కదలడం, నిద్ర

తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి, మేడ మీదో వీధిలోనో. వారంలో రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, ఇంట్లో నీళ్ళ సీసాలతో అయినా సరే, కండ గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. బరువు తగ్గకపోయినా వీటివల్ల మేలు ఉంటుంది, దయచేసి మిషన్‌లో అంకె కదల్లేదని మానెయ్యకండి. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో అమెరికా టైముకి నైట్ షిఫ్టులు చేసే పిల్లలు, మీకు నిద్ర తిండితో సమానం, పగలైనా కర్టెన్ వేసుకుని ఏడు గంటలు పడుకోండి, నిద్ర తక్కువైతే ఆకలీ పెరుగుద్ది, కణాలు కూడా ఇన్సులిన్ మాట సరిగా వినవు.

10. నోళ్ళు

పెళ్ళికెళ్తే ఏంటే ఇంత లావయ్యావ్ అనే పిన్ని ఒకరుంటారు. వాదించొద్దు, ఏడుపు ఆపుకుంటూ భోజనాల దగ్గర్నుంచి లేచి రావొద్దు. ఆరోగ్యం చూసుకుంటున్నా పిన్నీ, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది అని మాట మార్చండి. ఇంట్లో అమ్మతో మాత్రం విడిగా కూర్చుని చెప్పండి, అమ్మా నా బరువు గురించి తినేటప్పుడు అనొద్దు, కావాలంటే నాకు పప్పు ఇంకో గరిటె వెయ్ అని. మా అమ్మకి అర్థం కావడానికి ఏడాది పట్టింది, కానీ అయింది. ఈమధ్య సంక్రాంతికి వెళ్తే నా కంచంలో ముందు కూర వడ్డించింది, చెప్పకుండానే.

11. ఒక నోట్‌బుక్

ఫోన్‌లో కాదు, చిన్న నోట్‌బుక్. కేలరీలు రాయొద్దు. పీరియడ్ వచ్చిన తేదీ, ఎన్ని రోజులు, నిద్ర ఎలా ఉంది, సాయంత్రం ఆకలి ఎలా ఉంది, ఎవరితో కూర్చుని తిన్నారు, ఇవే. 21 నుంచి 35 రోజుల్లో వస్తుంటే పెద్దవాళ్ళలో క్రమంగా ఉన్నట్టే. 90 రోజులు దాటినా రాకపోతే ఆగొద్దు, గర్భసంచి లోపలి పొర మందం అవుతూ పోతుంది, డాక్టర్ మాత్రలిచ్చి తెప్పిస్తారు, ఆ మాత్రలకి భయపడకండి. పీరియడ్ రావట్లేదని బరువు తగ్గాక చూపించుకుందాం అనుకుని ఏళ్ళు గడిపేసినవాళ్ళు ఉన్నారు, బరువుకీ డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికీ సంబంధం పెట్టుకోవద్దు, ఇవాళ ఉన్న బరువుతోనే వెళ్ళండి.

మూడు నెలలు రాశాక ఆ నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకుని వెళ్ళండి. లాస్ట్ పీరియడ్ ఎప్పుడమ్మా అని అడగ్గానే తల గోక్కోకుండా పేజీ తీసి చూపించొచ్చు, ఏం తింటున్నావ్ అంటే అదీ చెప్పొచ్చు.